ఉగాది క్యాలెండర్ ఎందుకు లేటయిందంటే

క్యాలెండర్ ఎప్పుడిస్తారని డబ్లిన్ చుట్టుపక్కల లూకన్ నుంచి, బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి, స్వోర్డ్స్ నుంచి రోజూ మెసేజ్‌లు వస్తున్నాయి. ఒక్కొక్కరికి విడిగా జవాబిస్తుంటే ఒక్కోలా చెప్తున్నానేమో అనిపిస్తోంది, అందుకే అందరికీ కలిపి రాస్తున్నా. క్యాలెండర్లు డబ్లిన్ వచ్చేశాయి. మా హాల్లో నడవడానికి కూడా దారి లేకుండా అట్టపెట్టెలున్నాయి. కానీ అవి మీకు ఇవ్వను. మళ్లీ ప్రింట్ చేయిస్తున్నా.

కొత్తగా బుక్ చేసుకున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. తిథులు, వర్జ్యాలు, రాహుకాలం అన్నీ డబ్లిన్ టైముకి లెక్కగట్టి ఏప్రిల్ నుంచి మార్చి దాకా వేస్తాం. పైన దేవుడి బొమ్మ ఉండదు, అది ఏ షాపులో బియ్యం కొన్నా ఫ్రీగా ఇస్తారు. మా దాంట్లో ఏటా ఒక ఐర్లాండ్ మనిషి జీవితం ఉంటుంది, నెలకో బొమ్మ, దాని కింద నాలుగైదు లైన్ల తెలుగు, ఇక్కడ పుట్టిన పిల్లలు ఆ కాస్తయినా కూడబలుక్కుని చదువుతారని. ఈసారి ఫుట్‌బాలర్ నయల్ క్విన్.

కీన్‌ని వేయొచ్చు కదా అని అడిగారు చాలామంది. రాయ్ కీన్, రాబీ కీన్ ఇద్దరూ ఐర్లాండ్ ఫుట్‌బాలర్లే, ఏ కీన్ అయినా సరేనట! రాబీ కీన్ 2017-18 సీజన్లో కోల్‌కతా టీమ్‌కి ఇండియన్ సూపర్ లీగ్ ఆడాడు, పైగా ఐర్లాండ్ తరఫున 68 గోల్స్, కాబట్టి ఆయన్ని వేస్తే అమ్మడం తేలికే. నేను కావాలనే క్విన్‌ని తీసుకున్నా, ఎందుకంటే ఆయన జీవితంలో ఆట మానేశాక జరిగిందే సగం ఉంది. పన్నెండు నెలల్లో ఆరు దానికే ఇచ్చా. రిటైరైనవాడి గోల ఎవరిక్కావాలి, గోల్స్ బొమ్మలు పెంచండి అని ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు మొదట్లోనే అన్నారు. పెంచలేదు. బహుశా అప్పుడే వాళ్లకి నా మీద చిరాకు మొదలై ఉంటుంది.

ఇక అసలు సంగతి. ప్రింటింగ్ ఎప్పట్లాగే విజయవాడ వైపు ఒక ప్రెస్‌కి ఇచ్చా, పేరు ఎందుకులెండి. ప్రూఫ్ పంపారు, అక్షరం అక్షరం చూసి ఓకే చెప్పా. ఆ తర్వాత, నేను ఓకే చెప్పిన తర్వాత, అక్కడ ఎవరో ఆగస్టు పేజీ చదివి అందులో తప్పు ఉందనుకుని "సరిచేశారు".

ఆ పేజీలో ఉన్న కథ ఇది. 1991 ఏప్రిల్ 20, ఇంగ్లండ్ క్లబ్బులు మాంచెస్టర్ సిటీకీ డెర్బీ కౌంటీకీ మ్యాచ్, సిటీ వాళ్ల మెయిన్ రోడ్ గ్రౌండ్‌లో. క్విన్ అప్పుడు సిటీకి ఫార్వర్డ్, మొదటి గోల్ ఆయనే కొట్టాడు. కాసేపటికి సిటీ గోల్‌కీపర్ టోనీ కోటన్ ఫౌల్ చేసి, అవతలివాళ్లకి పెనాల్టీ ఇచ్చుకుని, రెడ్ కార్డుతో బయటికెళ్లాడు. ఇప్పట్లా బెంచి మీద ఇంకో కీపర్ తప్పకుండా ఉండే రోజులు కావు, అందుకని ఆరడుగుల నాలుగంగుళాల క్విన్ గ్లవుజులు తొడుక్కుని గోల్‌లో నిలబడ్డాడు, డెర్బీ ఆటగాడు డీన్ సాండర్స్ కొట్టిన పెనాల్టీని డైవ్ చేసి ఆపేశాడు. సిటీ 2-1తో గెలిచింది, ఆ ఓటమితో డెర్బీ కింది డివిజన్‌కి పడిపోయింది. ఫార్వర్డ్ పెనాల్టీ ఆపడమేంటి, కొట్టాడని ఉండాలి అని ప్రెస్‌లో నిర్ణయించేశారన్నమాట. అచ్చయిన పేజీలో క్విన్ పెనాల్టీ కొట్టి గెలిపించాడని ఉంది. పైన బొమ్మలో మాత్రం చేతులకి గ్లవుజులతో గాల్లో పడుకుని బంతి ఆపుతున్నాడు పాపం.

ఫోన్ చేస్తే "అమ్మా, అందరూ తిథులు చూస్తారు, ఆ రాత ఎవరు చదువుతారు" అన్నారు. డబ్బు సంగతి తర్వాత, ఆ మాట దగ్గరే నాకు కాలింది. స్టిక్కర్లు ఫ్రీగా కొట్టిస్తాం, అతికించుకోండి అన్నారు. మా ఆయన కూడా స్టిక్కర్ వేసేద్దాం, ఉగాదికి అందరి ఇళ్లకూ చేరిపోతుంది అన్నారు. ఈ ఒక్క విషయం మీద నిద్రలేదు నాకు. స్టిక్కర్ అయితే చేతి నుంచి పైసా పోదు, మీకూ టైముకి అందుతుంది. మళ్లీ ప్రింట్ అంటే ఈ ఏడాది లాభం మొత్తం పోయినట్టే, అదీ ఇక్కడి రేట్లకి. క్యాలెండర్ లేటైతే రోజుకింత విలువ తగ్గే సరుకు, అదీ తెలుసు. కానీ మీ పిల్లాడు తెలుగు చదవడం మొదలుపెట్టి, ఇందులో రాసింది తప్పని ఇక్కడి స్నేహితుడితో చెప్పించుకుంటే, ఇంకో ఏడాది ఆ తెలుగుని నమ్ముతాడా? క్విన్ 1999లో బ్రాడ్‌ఫర్డ్‌లో సండర్‌లాండ్ అనే ఇంకో ఇంగ్లండ్ క్లబ్బు తరఫున కూడా ఇదే పని చేశాడు, గోల్ కొట్టి, కీపర్‌కి దెబ్బ తగిలితే తనే గోల్‌లో నిలబడి, 1-0తో మ్యాచ్ నిలబెట్టాడు. అది సెప్టెంబరు పేజీ. అది ముట్టుకోలేదు! అంటే ఆగస్టు దాటి చదవనే లేదు.

చదివుంటే అక్టోబరు నుంచి అసలు కథ మొదలయ్యేది. 2002లో తన బెనిఫిట్ మ్యాచ్ (వసూళ్లు ఆటగాడికే ఇచ్చే మ్యాచ్) డబ్బు, పది లక్షల పౌండ్ల దాకా, తను ఉంచుకోకుండా సేవా సంస్థలకి ఇచ్చేశాడు. అదే ఏడు వరల్డ్ కప్‌లో జర్మనీ మీద చివరి నిమిషంలో రాబీ కీన్ కొట్టిన గోల్‌కి బంతిని తలతో అందించిందీ ఈయనే, ఆ టోర్నీతో 92 మ్యాచ్‌లు, 21 గోల్స్ దగ్గర దేశానికి ఆడటం ఆపేశాడు. 2006లో ఐరిష్ వ్యాపారవేత్తల్ని కూడగట్టి సండర్‌లాండ్ క్లబ్బునే కొని చైర్మన్ అయ్యాడు. 2002 వరల్డ్ కప్ ముందు సైపాన్ దీవిలో ఐర్లాండ్ టీమ్ క్యాంపులో జరిగిన గొడవలో తనతో చెడిన రాయ్ కీన్‌నే పిలిచి మేనేజర్‌గా పెట్టాడు, ఏడాది తిరక్కుండా టీమ్ అన్నిటికన్నా పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కి వెళ్లింది. మా పాపకి ఇష్టమైనది ఫిబ్రవరి పేజీ: 2007లో కార్డిఫ్ మ్యాచ్ చూసి వెళ్తున్న సండర్‌లాండ్ అభిమానుల్ని పాటలు పాడుతున్నారని బ్రిస్టల్లో విమానం నుంచి దించేస్తే, చైర్మన్‌గారు వాళ్లందరికీ టాక్సీలు మాట్లాడి దాదాపు 300 మైళ్లు ఇంటికి పంపించాడు, వేల పౌండ్ల బిల్లు. ఇవి కాదా క్యాలెండర్లో ఉండాల్సినవి?

సరే, పని విషయాలు. కొత్త ప్రింట్ డబ్లిన్‌లోనే, వాళ్లకి తెలుగు రాదు, ఈసారికి అదే మంచిది. పైగా అక్షరాలన్నీ బొమ్మలుగా మార్చి ఫైల్ పంపుతున్నా, కామా కూడా ఎవరూ కదపలేరు. ఏప్రిల్ రెండో వారానికల్లా చేతికొస్తాయి. రేటు అదే 15 యూరోలు, ఒక్క సెంటు పెంచట్లేదు. అప్పటిదాకా తిథులకి ఇబ్బంది లేకుండా ఏప్రిల్ పేజీ వాట్సాప్‌లో పంపిస్తా, ప్రింట్ తీసుకోండి. డబ్బు వెనక్కి కావాలంటే మెసేజ్ పెట్టండి, కారణం అడగను. కాస్త బాధపడతా, అంతే.

తాలా వైపు వాళ్లు మా ఇంటికొచ్చి తీసుకోవచ్చు, మిగతావాళ్లకి పోస్టులో వస్తుంది. ఆగస్టు పేజీ చించేసి పాతవి సగం రేటుకి ఇవ్వమని ముగ్గురు నలుగురు అడిగారు. ఇవ్వను, దయచేసి మళ్లీ అడగొద్దు.