గ్యాస్ నొప్పని సోడా తాగి కూర్చోకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా ఊళ్ళో గుండెల్లో నొప్పొస్తే ముందు సోడా తాగుతారు, తగ్గకపోతే ఆర్ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షన్, ఈలోపు రెండు గంటలు పోతాయి. పోయినేడు మా బాబాయి అలాగే పోయాడు, ఎడం చెయ్యి లాగుతోందిరా, చెమటలు పడుతున్నాయిరా అన్నా అది గుండెపోటని తెలీక మేం వడదెబ్బ అనుకున్నాం. ఈసీజీకి ఐదు నిమిషాలు చాలంట, రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత బాగా పనిచేస్తుందంట, తర్వాత తెలిసి ఏం లాభం. 108కి ఫోన్ చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

30 దాటినోళ్ళందరికీ బీపీ, షుగర్ చూడాలని ప్రభుత్వ ప్రోగ్రామ్ ఉంది కానీ నర్సమ్మ పదింటికి వస్తే మగాళ్ళంతా పొలాల్లో ఉంటారు, అదే మిషను పొద్దున్నే ఆరింటికి పాలకేంద్రం దగ్గర పెడితే సగం ఊరు అక్కడే దొరుకుతుంది కదా. బీపీ 140/90 దాటినా ఒంట్లో ఏమీ తెలీదు, బిళ్ళలిస్తే నెల వాడి తగ్గిందని మానేస్తారు, అసలు గొడవ అక్కడే ఉంది.

ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ మాట, అంటే ఒక టీస్పూను. మనకి ఊరమిరపకాయలు, మజ్జిగన్నంలో ఆవకాయ బద్దతోనే చాలావరకు అయిపోతుంది (మానేయమని చెప్పను, నేనే మానలేను, కాస్త తగ్గించా అంతే). చుట్ట, బీడీ మాత్రం మానాల్సిందే.

మీ జిల్లా పేజీలో ఏ ప్రభుత్వాసుపత్రిలో రాత్రిపూట కూడా ఈసీజీ తీస్తారో ఒక లిస్టు వేయండి సార్, కత్తిరించి రచ్చబండ దగ్గర అంటిస్తాం.

ఇట్లు,
ఒక రైతు, కృష్ణా జిల్లా