ఇంటర్వ్యూకి సూటే అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

మన గోదావరి డెల్టాలో ఇంటర్వ్యూ అన్నా, పెళ్లిచూపులన్నా కుర్రాళ్లు ముందు పాలిస్టర్ సూటు కొనేస్తున్నారు. ఆ ఉక్కపోతలో అది వేసుకుని బస్సు దిగేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయి, మొహమంతా చెమటలు కారుతుంటే, ఇక ఎదుటివాళ్లకి మంచి అభిప్రాయం ఎలా కలుగుతుంది? అదే డబ్బుతో తెల్లది ఒకటి, లేత నీలం ఒకటి కాటన్ చొక్కాలు, ముదురు నీలం, బూడిద రంగు ప్యాంట్లు, ఒక జత తోలు బూట్లు, అదే రంగు బెల్టు వచ్చేస్తాయి. వీటిలో దేన్ని దేనితో వేసినా నప్పుతుంది, ఏళ్లు గడిచినా పాతబడినట్టు ఉండదు.

అసలు సంగతి కొలతల్లో ఉంది. భుజం కుట్టు సరిగ్గా భుజం చివర పడాలి, పై గుండీ పెట్టాక కాలర్‌లో రెండు వేళ్లు దూరాలి, చేతులు మణికట్టు దగ్గర ఆగాలి. కాటన్ గుడ్డని ముందే నీళ్లలో తడిపి ఆరేసి టైలర్‌కి ఇవ్వండి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. వానాకాలంలో బూట్లు బీరువాలో మూసిపెడితే బూజు పడుతుంది, గాలి తగలనివ్వండి.

పెళ్లిళ్లకి మాత్రం నేత పంచెను మించింది లేదు. మన అమలాపురం పక్కనున్న బండారులంకలో ఇప్పటికీ మగ్గాలు ఆడుతున్నాయి. చీరలతో పాటు చొక్కా గుడ్డ కూడా నేయించి మన ఊళ్ల దుకాణాల్లో పెడితే బాగుంటుంది, దీని గురించి మీ జిల్లా పేజీలో రాయండి.

ఒక పాఠకుడు, అమలాపురం