ఏడాదికి ఆరు కార్లు కట్టేవాడు పరీక్షకు ఎన్ని కార్లు పగలగొట్టాలి, మంత్రిగారూ?

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నేను మీకు రాస్తున్న ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ మీ కార్యాలయానికి ముట్టినట్టు రసీదులున్నాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి.

కార్లను గుద్దించి చూసే పరీక్షల నుంచి చిన్న తయారీదారులకు ఇస్తామన్న సడలింపు గురించి మీకు నేను కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ముసాయిదా మీ దగ్గరే ఉంది. "త్వరలోనే" అన్న మీ మాట నమ్మి నేను షెడ్డు పెంచాను, ఇద్దరు వెల్డర్లను పెట్టుకున్నాను, ముగ్గురి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను. ఆ మాటకు రెండేళ్లు దాటాయి. వెల్డర్లలో ఒకరు వెళ్లిపోయారు.

మేము కట్టేది 1960ల నాటి రెండు సీట్ల ఓపెన్ స్పోర్ట్స్ కార్ల నమూనాలు, అంటే అదే రూపంలో కొత్తగా కట్టి రోడ్డు మీద నడిపే కార్లు. పాత కంపెనీ బ్యాడ్జి పెట్టం, అసలు కారని ఎవరినీ నమ్మించం. బాడీ అచ్చులోంచి శుభ్రంగా ఊడి రావాలంటే ముందు అచ్చుకు మైనం పూత మీద పూత రుద్దాలి. దానిమీద జెల్‌కోట్ అనే నునుపైన పై పొర. అది సరిగ్గా పట్టాక గ్లాస్ మ్యాట్ అనే గాజు పీచు పట్ట పరిచి, ఆరితే గట్టిపడే రెజిన్‌తో తడుపుతూ, గాలి బుడగలు పోయేదాకా రోలర్‌తో నొక్కాలి. ఒక్క బుడగ లోపల మిగిలినా కొన్నాళ్లు ఎండలో నిలబడ్డాక సరిగ్గా అక్కడే పెయింటు ఉబ్బుతుంది. చాసిస్, అంటే కారు అడుగు చట్రం గొట్టాలను కదలకుండా పట్టే జిగ్‌లో బిగించి వెల్డింగ్ చేస్తాం. వేడికి గొట్టం రెండు మిల్లీమీటర్లు లాగేసినా చివర్లో తలుపు సరిగా పడదు, మళ్లీ మొదటికి వస్తాం. అందుకే ఎంత కష్టపడినా ఏడాదికి ఆరు కార్లు మించి మా చేతుల్లోంచి రావు.

ఇక మీ నిబంధన. లక్షల్లో కార్లు చేసే కంపెనీకీ, ఆరు కార్లు చేసే నాకూ ఒకటే టైప్ అప్రూవల్, అంటే ఒక మోడల్‌ను అమ్మే ముందు పరీక్షించి ఇచ్చే అనుమతి. ముందు నుంచి గుద్దించి చూపించాలి, పక్క నుంచి గుద్దించి చూపించాలి. గుద్దించిన ప్రతి కారూ తుక్కే. పెద్ద కంపెనీ ఆ ఖర్చును లక్ష కార్ల మీద సర్దేస్తే ఎవరికీ తెలియదు. నేను ఆరింటి మీద ఎలా సర్దాలి? పరీక్షకు రెండు కార్లు ఇస్తే నాలుగు నెలల పని పోయినట్టే. పోనీ మార్పులు చేసిన బండిగా నమోదు చేయించుకుందామని వెళితే, మార్చడానికి అసలు బండి ఏదని అడిగారు. కొత్త బండి అంటే తయారీదారు సర్టిఫికెట్ ఏదన్నారు. ఈ కౌంటరు నుంచి ఆ కౌంటరుకు కాళ్లరిగేలా తిరిగాను. చివరికి ఒక దరఖాస్తులో "తయారైన సంవత్సరం" అన్న గడి దగ్గర ఆగిపోయాను. 1965 అని రాస్తే అబద్ధం. ఈ ఏడాది అని రాస్తే ఈ ఏడాది నిబంధనలన్నీ మీద పడతాయి. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది సార్.

ఇలాంటి కార్లకు గిరాకీ ఎక్కడుందని మీ శాఖవారు ఒకసారి నా ముఖం మీదే అన్నారు. 1962లో అమెరికా రేసర్ కారల్ షెల్బీ, బ్రిటన్‌కు చెందిన ఏసీ అనే కంపెనీ కారులో ఎనిమిది సిలిండర్ల ఫోర్డ్ వీ8 ఇంజిన్ పెట్టి తెచ్చిన కోబ్రా మొత్తం కలిపి వెయ్యి దాకే తయారైంది. ఆ తర్వాత వచ్చిన దాని నమూనాలు అసలు కార్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 1957 నాటి లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు హక్కులను 1973లో కేటర్‌హామ్ అనే బ్రిటన్ కంపెనీ తీసుకుంది. ఇన్ని దశాబ్దాలుగా ఆ ఒక్క కారు రూపాన్ని నమ్ముకునే ఆ కంపెనీ బతుకుతోంది. అరవైల నాటి రేసు కార్లు ఫెరారీ 250 జీటీఓలు 36 మాత్రమే ఉన్నాయి, వాటిని కొనగలిగేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రూపం మీద మనసుపడ్డవాళ్లను లెక్కపెట్టలేం. ఆ మనసే మా వ్యాపారం.

ఇందులో పెద్ద లాభాలున్నాయని నేను అనను. ఇంజిను కొంటాం, గేర్‌బాక్సు కొంటాం, మిగిలినదంతా పని గంటలే. కారు తయారయ్యేకొద్దీ వాయిదాల్లో డబ్బు వస్తేనే బండి నడుస్తుంది. రిజిస్ట్రేషన్ గ్యారంటీ లేదంటే కస్టమరు రెండో వాయిదా కట్టడు, బ్యాంకు అప్పు ఇవ్వదు, ఇన్సూరెన్సు దొరకదు. అంటే మీ కాగితం ఒక్కటి రాకపోతే అన్నీ ఆగిపోతాయి. నంబరు ప్లేటు రాని కారు ఎంత అందంగా ఉన్నా షెడ్డులో బొమ్మే కదా!

మేమేమీ లోకంలో లేనిది అడగడం లేదు. బ్రిటన్‌లో ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్ అని ఉంది. ఒక్కో కారును విడిగా నిలబెట్టి బ్రేకులు, బెల్టు బిగించిన చోట్లు, లైట్లు, శబ్దం, పొగ చూస్తారు. బయటికి పొడుచుకొచ్చిన అంచు కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం తిరిగి ఉందా అని కూడా కొలుస్తారు. అంత కఠినంగా నన్నూ పరీక్షించండి, సంతోషంగా నిలబడతాను. అమెరికాలో 2015లో చట్టమే చేశారు. కనీసం 25 ఏళ్ల కిందటి కారు నమూనాలను ఒక చిన్న తయారీదారు ఏడాదికి 325 దాకా అమ్ముకోవచ్చు. ఇంజిన్ పొగ మాత్రం ఇప్పటి ప్రమాణాలకు తగ్గట్టే ఉండాలి. పొగ విషయంలో నేనూ సడలింపు అడగను. అయితే అక్కడ కూడా ఏడాదిలో రావాల్సిన నిబంధనలు 2022 దాకా అమల్లోకి రాలేదు, పరిశ్రమ సంఘం కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. నాకు కోర్టుకెళ్లే స్తోమత లేదు. అన్నేళ్లు ఆగే శక్తి అసలే లేదు.

పోయిన నెల ఒక పెద్దాయన అడ్వాన్సు వెనక్కి తీసుకోవడానికి వచ్చారు. ఆయన కారు పెయింటు దాకా వచ్చి ఆగింది. సీటు ఇంకా బిగించలేదు. కారు లోపల నేల మీద ఒక దిండు వేయించుకుని, దానిమీద కూర్చుని, స్టీరింగు పట్టుకుని చాలాసేపు ఉండిపోయారు. తర్వాత లేచి చెక్కు తీసుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మంత్రిగారూ, ఆ ముసాయిదాను బయటికి తీయండి. ఏడాదికి కొద్ది కార్లు కట్టేవాళ్లను వేరుగా లెక్కించండి. కార్లను పగలగొట్టకుండా ఒక్కొక్కటిగా పరీక్షించండి. ఇవ్వలేమంటే ఇవ్వలేమని అయినా రాసి పంపండి, మిగిలిన రెండు అడ్వాన్సులూ తిరిగిచ్చేస్తాను. పెద్దాయన కారు మీద గుడ్డ కప్పి ఉంచాను, ఇంకా ఎవరికీ అమ్మలేదు. దయచేసి ఈ ఉత్తరానికైనా జవాబు ఇవ్వండి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న
ఒక చిన్న కార్ల తయారీదారు