పాత రైఫిల్‌కు స్కోప్: మేము చేసిన పొరపాటు, ఇకపై మారే పద్ధతి

మా దుకాణంలో రైఫిళ్ళు కొన్నవారికీ, వాటికి స్కోపులు (దూరంలో ఉన్నదాన్ని పెద్దదిగా చూపి గురి కుదిర్చే దుర్బినులు) బిగించుకున్నవారికీ నమస్కారం. టెక్సస్‌లో రైఫిల్‌తో జింకల వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది కాబట్టి, ఆగస్టు నుంచే రైఫిళ్ళు మా బల్ల మీదకు చేరడం మామూలు. ఈ ఏడాది ఆ పని మొదలుపెట్టే ముందు, పోయిన సీజనులో మా వల్ల జరిగిన ఒక తప్పును, ఆ తరువాత మేము మార్చుకున్న పద్ధతిని మీకు తెలియజేయవలసి ఉంది.

కిందటి అక్టోబరులో మన తెలుగువారే ఒకరు, పొరుగింటి పెద్దాయన దగ్గర కొన్న వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ తెచ్చారు. 1950లలో తయారైనది, .30-06 అనే రకం తూటాలది. వాల్‌నట్ కర్ర మీద మెరుగు పోయి, చెంప ఆనే చోట మాత్రం నున్నగా ఉంది. 1964లో ఆ కంపెనీ తయారీ పద్ధతిని మార్చింది కాబట్టి, అంతకు ముందు వచ్చిన వాటిని ఇప్పటికీ వెతికి వెతికి కొంటారు. అటువంటి రైఫిల్ మీద నేను 4 నుంచి 16 రెట్లు పెంచి చూపే, ముందు అద్దం 50 మిల్లీమీటర్లున్న, తక్కువ ధర స్కోప్ ఒకటి బిగించి ఇచ్చాను. ఆయన అడిగింది అదే అన్న మాట నిజమే గాని, వద్దని చెప్పవలసింది నేను. అరలో సరుకు ఉంది, ఆయనకు పెద్దది కావాలని ఉంది, నేను మాట్లాడకుండా ఊరుకున్నాను.

నవంబరులో ఆయన ఎనభై గజాల దూరంలో కదలకుండా నిలబడ్డ జింకకు గురి తప్పారు. గుండు దానికి అసలు తగలకపోవడమే మేలైంది. గాయంతో పొదల్లోకి పోయి ఉంటే ఈ మాటలు రాయడానికి నాకు మొహం చెల్లేది కాదు. “అన్నా, తప్పు నా చేతిదా, దీనిదా?” అని అడిగారాయన. ఆ ఆదివారం ఇద్దరం కాల్పుల సాధన చేసే రేంజికి వెళ్ళి, 100 గజాల దగ్గర కాగితం పెట్టి, ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి కాల్చాం. మొదటి మూడు గుండ్లు నడిబొడ్డుకు రెండు అంగుళాలు ఎడమగా పడ్డాయి. స్కోప్ మీద గురి సర్దే బొడిపెను, అంటే టర్రెట్‌ను, క్లిక్కుకు పావు అంగుళం చొప్పున ఎనిమిది క్లిక్కులు కుడికి తిప్పాను. నాలుగోది పాత రంధ్రాల పక్కనే పడింది. ఐదోది ఒక అంగుళం జరిగింది. ఇంకేమీ ముట్టుకోకుండానే ఆరోది నడిబొడ్డు దాటి కుడివైపుకు పోయింది. పాతకాలపు వేటగాళ్ళు క్లిక్కులు తిప్పిన తరువాత టర్రెట్ మీద నాణెంతో నాలుగు దెబ్బలు వేసేవారు. అదీ చేసి చూశాను. రెండు గుండ్ల వరకు నిలిచి, మళ్ళీ జరిగింది.

స్కోప్ గొట్టం లోపల సన్నని గొట్టం ఇంకొకటి ఉంటుంది. మనం టర్రెట్ తిప్పినప్పుడు స్క్రూ ఆ లోపలి గొట్టాన్ని ఒక వైపు నుంచి నెడుతుంది, ఎదురువైపున్న స్ప్రింగ్ దాన్ని ఆ స్క్రూకు గట్టిగా ఆనించి పట్టుకోవాలి. .30-06 తన్నే తన్నుకు ఆ స్ప్రింగ్ బలం చాలకపోతే గొట్టం ఎక్కడ ఆగితే అక్కడే గురి అవుతుంది. అద్దం ఎంత తేటగా కనిపించినా ప్రయోజనం లేదు. దుకాణంలో గుండు పేల్చకుండానే గురి సరిచూడడానికి నేను వాడిన బోర్ సైటర్ అనే పరికరం ఈ లోపాన్ని చూపలేదు, చూపే శక్తి దానికి లేదన్నది నాకు తెలిసిన సంగతే. గొట్టమూ బ్యారెలూ ఒకే దిక్కు చూస్తున్నాయా లేదా అన్నంత వరకే అది చెబుతుంది, తన్ను తరువాత సంగతి చెప్పదు.

ఇంకొక పొరపాటు ఎత్తుది. 50 మిల్లీమీటర్ల అద్దం బ్యారెల్‌కు తగలకుండా ఉండాలని స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే రింగులను నేను ఎత్తైనవి వేశాను. ఆ కాలపు కర్రలను, మామూలు ఇనుప సైట్లతోనో (బ్యారెల్ మీదుండే గురి గుర్తులు) కిందకు కూర్చున్న చిన్న స్కోప్‌తోనో గురి చూసేవారి కోసం చెక్కారు. అంత ఎత్తులో స్కోప్ ఉంటే చెంప కర్రను వదిలేస్తుంది, గడ్డం ఒక్కటే ఆనుతుంది, ప్రతిసారీ తల ఒక్కో చోట నిలుస్తుంది. కంటికీ అద్దానికీ మధ్య కనీసం మూడున్నర అంగుళాల దూరం లేకపోతే కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారపు గాటు కూడా పడుతుంది. మా ఊరి రేంజిలో ఆ గుర్తు ఉన్నవారిని చూపించమంటే వేలు పెట్టి చూపిస్తాను.

16 రెట్లు ఎవరికి కావాలో ఇప్పుడు ఆలోచిస్తే నాకే నవ్వు వస్తుంది. ఇక్కడ మాటులో కూర్చుని వేటాడేవారికి జింక ఎక్కువగా 100 గజాల లోపే కనిపిస్తుంది. అంత దూరంలో 3 రెట్ల మీద సుమారు 30 అడుగుల వెడల్పు కనిపిస్తే, 16 రెట్ల మీద ఏడడుగులకు అటూ ఇటూగా మాత్రమే కనిపిస్తుంది, జంతువును వెతుక్కునే లోపే అది వెళ్ళిపోతుంది. వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. చట్టం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి, సూర్యాస్తమయం తరువాత అరగంట వరకు కాల్చనిస్తుంది, జింకలు తిరిగేదీ ఆ మసక వేళల్లోనే. ముందు అద్దం కొలతను రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు గుండ్రం ఎంతో తెలుస్తుంది. 50ని 16తో భాగిస్తే 3 మిల్లీమీటర్లే. 32 మిల్లీమీటర్ల చిన్న అద్దాన్ని 4 రెట్ల మీద పెడితే 8 వస్తుంది. చీకట్లో యువకుడి కంటిపాప తెరుచుకునేదే 7 మిల్లీమీటర్ల దాకా, వయసు పెరిగే కొద్దీ అంతకంటే తక్కువ. కాబట్టి పెద్ద అద్దం పేరుతో మోసిన బరువంతా దండగ.

పాత రైఫిల్‌తో పాటు పాత స్కోప్ తెచ్చేవారూ ఉన్నారు. ఎల్ పాసోలో తయారైన ఉక్కు గొట్టపు వీవర్ కె4 వంటివి చేతికి వస్తే నాకు ఎంత సంతోషమో. అయితే దశాబ్దాలు గడిచిన తరువాత స్కోప్ సందులను మూసే సీళ్ళు గాలిని ఆపకపోవచ్చు. వానలో వేటకు వెళ్ళి, అద్దం మసకబారి జింకకు గురి తప్పిన తరువాతే మార్కస్ ల్యూపోల్డ్ మంచి స్కోప్ తానే చేయాలనుకున్నాడని ఆ కంపెనీవారు చెప్పుకుంటారు. వారి మొదటి స్కోప్ 1947లో వచ్చింది. లోపలి తేమగాలిని తీసేసి నైట్రోజన్ నింపడం ఆ మసకకు మందు. మీ పాత స్కోప్‌ను గోరువెచ్చని నీటిలో ముంచితే బుడగలు వస్తున్నాయంటే ఆ మందు ఎప్పుడో బయటికి పోయిందన్నమాట. గొట్టం కొలత కూడా చూడాలి. మన రింగులు ఒక అంగుళానికీ, 30 మిల్లీమీటర్లకూ ఉంటాయి, పాత జర్మన్ స్కోపులకు 26 మిల్లీమీటర్లవి వెతకాలి.

రంధ్రాల విషయంలో మాత్రం ఎవరు బతిమాలినా వినదలచుకోలేదు. మోడల్ 70 వచ్చింది 1936లో. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువాటిలో వెనుకవైపు ఇనుము మీద స్కోప్ బేస్ (రింగులు కూర్చునే దిమ్మ) కోసం రంధ్రాలు ఉండవు. కొత్తగా తొలిస్తే సేకరించేవారి దృష్టిలో దాని విలువ పడిపోతుంది. పాత వించెస్టర్ 94 రైఫిల్‌లో ఖాళీ తూటా పైభాగం నుంచే ఎగిరి బయటపడుతుంది కాబట్టి, సరిగ్గా పైన స్కోప్ కూర్చోదు. దాన్ని ఇనుప సైట్లతోనే వాడుకోండి.

ఇక మారిన పద్ధతి. పాత రైఫిళ్ళ కోసం మేము ఇకపై స్థిరమైన 4, 6 రెట్లవీ, 2 నుంచి 7 రెట్లు 33 మిల్లీమీటర్లదీ, 3 నుంచి 9 రెట్లు 40 మిల్లీమీటర్లదీ తప్ప వేరే స్కోపులు బిగించము. రింగులు వీలైనంత పొట్టివి వేస్తాము. బేస్ స్క్రూలను, వాటి రంధ్రాలను జిడ్డు లేకుండా తుడిచి, రింగు స్క్రూలను బిగువును కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్‌తో 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల వరకే బిగిస్తాము. చేతి బలం మీద ఆధారపడి బిగించినప్పుడు గొట్టం మీద నొక్కు పడిన సందర్భాలు మా దగ్గరే ఉన్నాయి. వెనుక బేస్‌లో పక్క స్క్రూలున్న పాత రకమైతే, మొదట ఆ స్క్రూలతోనే గురిని దారికి తెచ్చి, లోపలి సర్దుబాటును నడిమధ్యలో ఉంచుతాము. ఆ రకంలో ముందు రింగును బేస్‌లోకి తిప్పి కూర్చోబెట్టడానికి స్కోప్‌నే మీటలా వాడే అలవాటు నాకు ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు దానికి అంగుళం మందం చెక్క దుడ్డు వాడుతున్నాను.

బిగించిన ప్రతి స్కోప్‌నూ రేంజిలో కాల్చి చూసిన తరువాతే ఇస్తాము. ఒక గుండు కాల్చి, 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందకు, 20 ఎడమకు తిప్పుతూ మధ్య మధ్య కాలిస్తే, చివరి గుండు మొదటి రంధ్రం దగ్గరికి చేరాలి. చేరకపోతే ఆ స్కోప్ మీకు ఇవ్వము, తయారీదారుకే తిరిగి పంపుతాము. ఈ పనికి అదనంగా 40 డాలర్లు తీసుకుంటాము. ఉచితమని చెప్పి ధరలో కలిపేయడం నాకు నచ్చలేదు.

హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిల్ ఉన్న బంధువులకు పంపడానికి స్కోప్ ఇమ్మని అడిగేవారికి ఒక మాట. రైఫిల్ స్కోప్ అమెరికా ఎగుమతి నియంత్రణ నిబంధనల కిందకు వచ్చే వస్తువు, సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళేది కాదు. పైగా స్ప్రింగు ఎయిర్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా తన్నుతుంది, వేట స్కోప్ దానికి సరిపోతుందన్న హామీ లేదు.

పోయిన ఏడాది మా దగ్గర ఆ 4 నుంచి 16 రెట్ల స్కోప్ బిగించుకున్నవారు సెప్టెంబరు చివరిలోపు రైఫిల్ తీసుకురండి. బాగానే పనిచేస్తోందని మీకు అనిపించినా ఒకసారి కాల్చి చూద్దాం. నిలవకపోతే మొత్తం ధర తిరిగి ఇచ్చి, వేరే స్కోప్‌ను కూలి లేకుండా బిగిస్తాను. మోడల్ 70 తెచ్చినాయన రైఫిల్ మీద ఇప్పుడు 4 రెట్ల స్కోప్ పొట్టి రింగుల్లో కూర్చుని ఉంది. వచ్చేటప్పుడు బోల్ట్ (తూటాను లోపలికి తోసే కడ్డీ) తీసి, పెట్టెలో పెట్టి తెండి. వేటకు మీరు ఏ తూటా వాడతారో ఆ రకానివే ఇరవై వెంట తెచ్చుకోండి. వేరే బరువు గుండుతో కుదిర్చిన గురి మీ తూటాకు అక్కరకు రాదు.