వార్డు సభల్లో కూర్చునేవాళ్లను చీటీలు తీసి ఎంచాలి
హైదరాబాద్‌లో వార్డు సభలంటే కాలనీ సంఘాల పెద్దలు, పార్టీ కార్యకర్తలు మాట్లాడి వెళ్లే తంతుగా మారాయి. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది సరే, పనిరోజు పొద్దున 11 గంటలకు సభ పెడితే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? సభ్యులను చీటీలు తీసి ఎంచాలి. అదీ ఓటరు జాబితా నుంచి కాదు, ఇంటి నంబర్ల నుంచి. ఓటు సొంతూళ్లో ఉంచుకున్న అద్దెదారులు అప్పుడే లెక్కలోకి వస్తారు. ఇంటి నంబరే లేని భవన నిర్మాణ కూలీల గుడిసెలకు వేరే చీటీలు వేయాలి. పిలిచినవాళ్లలో ఎక్కువమంది రారు కాబట్టి 50 మంది కావాలంటే 500 గడపలకు కబురు పెట్టాలి. వచ్చినవాళ్లకు ఆ పూట కూలి, ఉర్దూ దుబాసీ, మెట్లెక్కనక్కర్లేని హాలు, పిల్లలను చూసుకునే మనిషి తప్పనిసరి. మైకు ఒక్కటే ఉంటే గొంతున్నవాడిదే సభ. ఎనిమిదేసి మందిని బల్లల చుట్టూ కూర్చోబెట్టాలి. తీర్మానాలకు మున్సిపల్ కమిషనర్ 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి, కుదరదంటే కారణంతో సహా.