‘లెఫ్ట్ సర్వీస్’ అనే గడి గురించి కార్మిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రిగారికి నమస్కారాలతో,

నేను విశాఖపట్నం గాజువాకలో ఉంటాను. ఇరవై మూడేళ్లపాటు ఈ పారిశ్రామిక ప్రాంతంలో ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర టైమ్ కీపర్‌గా పనిచేశాను. మస్టరు (హాజరు పట్టీ) రాయడం, గేట్ పాసులు తీయించడం, నెలనెలా పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల బీమా) చలానాలు కట్టించడం నా పని. పని పోయిన కార్మికుడికి చట్టం చూపించే కాస్త ఆసరా కూడా అతని చేతిదాకా ఎందుకు రాదో ఆ కుర్చీలో కూర్చున్నవాడికి బాగా తెలుస్తుంది. అందులో నా తప్పు కూడా ఉంది కనుక ముందు అదే చెబుతాను.

ప్రతి నెలా ఈఎస్ఐ పోర్టల్‌లో ఒక్కొక్క కార్మికుడి పనిదినాలు, వేతనం ఎక్కించాలి. ఎవరికైనా పనిదినాలు సున్నా అయితే ఎందుకు సున్నా అయిందో పక్క గడిలో కారణం ఎంచుకోవాలి. సెలవు, పదవీ విరమణ, మరణం, సమ్మె లేదా లాకౌట్, రిట్రెంచ్‌మెంట్ (యజమానే పనిలోంచి తీసేయడం), పని లేకపోవడం వంటి కారణాల జాబితా అక్కడే ఉంటుంది. కాంట్రాక్టు ముగిసి మనుషులను తీసేసిన ప్రతిసారీ నేను ఎంచుకున్నది మాత్రం ‘లెఫ్ట్ సర్వీస్’, అంటే పని మానేశాడని. కాంట్రాక్టరు అలాగే పెట్టమనేవారు. రిట్రెంచ్‌మెంట్ అని పెడితే, సర్వీసులో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున రావలసిన పరిహారం ఏదని రేపు ఎవరైనా అడుగుతారని ఆయన భయం. కొన్నాళ్లకు ఎవరూ చెప్పకపోయినా నా వేలు దాని మీదికే పోయేది.

గత వేసవిలో నలభై ఆరేళ్ల ఖలాసీ (సహాయ పనివాడు) ఒకతను ఉదయం షిఫ్టుకు క్యారేజీ పట్టుకుని ఆరింటికి ముందే గేటు దగ్గరికి వెళ్లాడు. మిషన్ మీద వేలు పెడితే పంచ్ పడలేదు. చెమటేమోనని చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. మూడోసారి కూడా పడకపోయేసరికి, వెనక లైను ఆగిపోతోందని సెక్యూరిటీ అతను పక్కకు జరగమన్నాడు. పదకొండేళ్లుగా చేస్తున్న పని పోయిందని అతనికి తెలిసింది అలాగే. నోటీసు లేదు, ఉత్తరం లేదు, సూపర్‌వైజరు ఫోను కూడా లేదు. అది ఏ కర్మాగారమో చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క గేటు దగ్గర జరిగే సంగతి కాదు. మధ్యాహ్నం అతను అదే క్యారేజీతో, మూత తీయకుండా, మా ఇంటికి వచ్చాడు. నేను అప్పటికి ఆరు నెలలుగా ఇంట్లోనే ఉన్నాను. లెక్కలన్నీ హైదరాబాదు ఆఫీసుకు మార్చుకున్నాక టైమ్ కీపర్‌తో మా కాంట్రాక్టరుకు అవసరం లేకపోయింది.

అతని వేతనం నెలకు సుమారు రూ.15,000. అందులో ఈఎస్ఐ కింద అతని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం, రెండూ కలిపి నెలకు రూ.600 జమయ్యేది. ఆ చందాకు మందులు, ఆసుపత్రి మాత్రమే కాదు, పని పోయినప్పుడు కొంత డబ్బు కూడా వస్తుందన్న సంగతి అతనికి తెలియదు. ఆ డబ్బు ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018 జూలై నుంచి ఉంది. మొదట సగటు రోజు వేతనంలో 25 శాతం ఇచ్చేవారు, కరోనా కాలంలో దాన్ని 50 శాతానికి పెంచారు. గరిష్ఠంగా 90 రోజులు, అదీ జీవితంలో ఒక్కసారి. అతని లెక్కన రోజుకు రూ.250, మొత్తం రూ.22,500. మూడు నెలల ఇంటి అద్దె, బియ్యం, పిల్ల కాలేజీ బస్సు ఛార్జీ దీంతో గడిచిపోతాయి.

దరఖాస్తు నింపుదామని కూర్చుంటే అతని రికార్డులో ‘లెఫ్ట్ సర్వీస్’ అని ఉంది. “నేను మానెయ్యలేదు కదా మాస్టారూ, మానేసేనని ఎలా రాసీసేరు?” అని అడిగాడు. ఆ గడి నింపింది నేను కాదు, నేను దిగిపోయే ముందు వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన కుర్రాడు. ఖలాసీకి ఆ మాట చెప్పలేకపోయాను.

మంత్రిగారూ, ఈ ఒక్క మాట మీద ఎంత ఆధారపడి ఉందో గమనించండి. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ జరిగినా, కనీసం రెండేళ్లు చందా కట్టిన కార్మికుడికి మొదటి 12 నెలలు సగటు వేతనంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం ఇచ్చే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన 2005 నుంచి ఉంది. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, రిట్రెంచ్ అయిన కార్మికుడి ఖాతాలో 15 రోజుల వేతనాన్ని నైపుణ్య నిధి నుంచి 45 రోజుల్లోగా వేయాలి. ఇవన్నీ తీసేసినవారికే తప్ప మానేసినవారికి కావు. కాగితం మీద మా ప్రాంతంలో ఎవరినీ తీసేయరు, అందరూ మానేస్తారు. చిట్టివలస జూట్ మిల్లులాగా లాకౌట్ పెడితే, అది కనీసం పత్రికల్లో వస్తుంది, జనం జెండాలు పట్టుకుంటారు. కాంట్రాక్టు కార్మికుడి విషయంలో మిల్లు నడుస్తూనే ఉంటుంది, అతని వేలిముద్ర ఒక్కటే ఆగిపోతుంది.

నిరుద్యోగి అనగానే ప్రభుత్వాలకు డిగ్రీ పట్టా పట్టుకున్న కుర్రాడు గుర్తుకొస్తాడు. 2018లో తెచ్చిన నిరుద్యోగ భృతి పథకం యువనేస్తం 22 నుంచి 35 ఏళ్ల పట్టభద్రులకు, డిప్లొమా చదివినవారికి ఉద్దేశించినదే. 2024 ఎన్నికల్లో హామీ ఇచ్చిన నెలకు రూ.3,000 భృతి గురించి జరిగే చర్చ కూడా యువత చుట్టూనే తిరుగుతోంది. ఆ పిల్లలకు ఇవ్వవద్దని నేను అనను. కానీ నలభై దాటాక పని పోయినవాడు ఏ లెక్కలోనూ లేడు. కంచరపాలెం ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీలో అతను పేరు రాయించుకుంటే ఏం వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పరిధిలో ఉన్నందున, గ్రామాలకే ఇచ్చే ఉపాధి హామీ పని అతనికి లేదు. ప్రస్తుతం పాత గాజువాక దగ్గర కూలీల అడ్డాలో నిలబడుతున్నాడు. వారంలో మూడు రోజులు దొరికితే అదృష్టం.

పని ఆగిన కాలానికి ప్రభుత్వం డబ్బివ్వడం మన రాష్ట్రానికి కొత్త కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో మన ఫిషింగ్ హార్బరులో బోట్లు కట్టేసి ఉంటాయి, ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 2025లో రూ.20,000కు పెంచారు. అది దయతో చేసినది కాదు, తన తప్పు లేకుండా పని ఆగినవాడికి ఇవ్వవలసినదేనని అందరూ ఒప్పుకున్నారు. ఖలాసీ అడుగుతున్నది దానికంటే తక్కువ, ఎందుకంటే ఇది అతను నెలనెలా చందా కట్టినది.

ఈఎస్ఐ కార్పొరేషన్ కేంద్రానిదని, ప్రభుత్వ రంగ సంస్థల కాంట్రాక్టు కార్మికులు కేంద్ర కార్మిక కమిషనర్ల పరిధిలోకి వస్తారని మీ అధికారులు చెబుతారు. నిజమే. కానీ ప్రైవేటు కర్మాగారాల్లో కాంట్రాక్టరుకు లైసెన్సు ఇచ్చేది మీ శాఖ. గేట్ పాసు రద్దు చేసిన రోజే, రద్దుకు కారణం తెలుగులో రాసి, ప్రధాన యజమాని (అంటే కర్మాగారం) తరఫు అధికారి సంతకంతో ఒక కాగితం కార్మికుడి చేతికి ఇవ్వాలని ఆ లైసెన్సులో షరతుగా పెట్టండి. కార్మికుడి రాజీనామా ఉత్తరం లేకుండా ‘లెఫ్ట్ సర్వీస్’ అని ఎక్కిస్తే ఆ నమోదు చెల్లకూడదని, కార్పొరేషన్‌లో రాష్ట్రానికి ఉన్న ప్రతినిధి ద్వారా అడగండి. వార్డు సచివాలయంలో పింఛను దరఖాస్తు తీసుకున్నట్టే ఈ దరఖాస్తు కూడా తీసుకుని ఈఎస్ఐ బ్రాంచికి పంపే ఏర్పాటు చేయండి. ఈ పనులకు బడ్జెట్టులో పెద్దగా డబ్బు అక్కరలేదు.

ఖలాసీ దరఖాస్తు నకలును, పేరు, బీమా నంబరు కొట్టేసి, ఈ లేఖకు జతపరుస్తున్నాను. దానితోపాటు నేను పనిచేసిన కాలంలో ‘లెఫ్ట్ సర్వీస్’ అని ఎక్కించినవారిలో నాకు గుర్తున్నవారు నిజానికి ఎందుకు పని పోగొట్టుకున్నారో, పేర్లు లేకుండా, ఒక కాగితం మీద రాసి పెట్టాను. మీ అధికారులు పిలిస్తే వచ్చి సంతకం చేస్తాను.

భవదీయుడు,
ఒక పాత టైమ్ కీపర్,
గాజువాక, విశాఖపట్నం