వరద తర్వాతి పనికి మన బడి నుంచి బృందాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల మార్కులు, దసరా సెలవుల వివరాలు లోపలి పేజీల్లో ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఇంకో సంగతి మాట్లాడాలి.

అక్టోబర్ దగ్గర పడితే కర్నూలులో పెద్దవాళ్ళకు 2009 గుర్తుకు రాక మానదు. ఆ అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరిని ముంచేశాయి. కింద శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన రోజులవి. మన పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టనేలేదు. మీలో కొందరు మేడల మీద బిక్కుబిక్కుమంటూ రాత్రులు గడిపినవాళ్ళే.

వరద తీశాక సాయానికి మనుషులు బాగానే వచ్చారు. అయితే అందరూ మెయిన్ రోడ్డు ఇళ్ళ దగ్గరే గుమిగూడారు. వెనక సందుల్లో ముసలివాళ్ళు గడప దగ్గర కూర్చుని ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూశారు. పాత బట్టలు మూటలు మూటలుగా వచ్చి పడ్డాయి కానీ, పారలు, తట్టలు దొరకలేదు. సాయం చేసే మనసు అప్పుడు ఎవరికీ కొదవలేదు. ఎవరు, ఎక్కడ, ఏ పని చేయాలో ముందుగా అనుకోకపోవడమే కొరత. అందుకే వాన రాకముందే మన బడి తరఫున బృందాలు కట్టుకుందామని అడుగుతున్నాను.

ఒక్కో బృందంలో ఎనిమిది మంది, వాళ్ళకొక పెద్ద. ఎవరు ఏ ఇంట్లోకి వెళ్ళారు, ఎప్పుడు బయటికి వచ్చారు అని రాసుకోవడానికి ఒకరు ఎప్పుడూ వీధిలోనే ఉండాలి. ఏ సందుకు వెళ్ళాలన్నది మనంతట మనం తేల్చుకోకుండా వార్డు సచివాలయం వాళ్ళను అడిగి వెళ్దాం. అధికారులు సరేననే దాకా ఎవరూ కదలొద్దు. పారే నీళ్ళలోకి దిగడం మన పని కాదు, దానికి శిక్షణ పొందినవాళ్ళున్నారు.

బురద పనికి మొదటి రోజులే ముఖ్యం. తడిగా ఉన్నప్పుడు పారకు వస్తుంది. ఎండిందంటే గడ్డపలుగుతో పొడవాల్సిందే, కింద బండలు కూడా పగులుతాయి. ఎత్తిన బురదను మురుగు కాలువలోకి తోయకండి. కాలువ పూడితే మరుసటి వానకు ఆ నీళ్ళు మళ్ళీ అదే ఇంట్లోకి వస్తాయి. ట్రాక్టర్ ఎత్తుకుపోయేలా వీధి అంచున కుప్ప పోయాలి. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు ఊళ్ళలో ఇసుక మేటలు వేసింది. అలాంటిచోట మన పారలు చాలవు, యంత్రాలు రావాల్సిందే.

లోపల అడుగుపెట్టే ముందు కరెంటు తీసేశారో లేదో చూడాలి. గ్యాస్ వాసన వస్తే బయటికి వచ్చేయాలి. బీరువా కింద, కట్టెల మోపులో పాములు చేరతాయి, నేరుగా చెయ్యి పెట్టొద్దు. గమ్ బూట్లు, మందపాటి గ్లవుజులు లేనిదే ఎవరినీ పంపను. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం చిన్న గాయంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. కాలికి పుండు ఉన్నవాళ్ళు బురద తగలని బయటి పని తీసుకోండి. టీటీ ఇంజెక్షన్ సంగతి మీ డాక్టరును అడగండి. బ్లీచింగ్ పౌడర్‌ను బాత్రూమ్ యాసిడ్‌తో ఎన్నడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక మాట. ఆ ఇంటివాళ్ళను అడగకుండా చీపురుపుల్ల కూడా పారేయకూడదు. మన కళ్ళకు చెత్తలా కనిపించే ట్రంకుపెట్టెలో పట్టాదారు పాసుపుస్తకం, కూతురి పదో తరగతి మార్కుల మెమో ఉండొచ్చు. తడిసిన కాగితాలను గుంజి విడదీస్తే చిరిగిపోతాయి. అట్టతో సహా తీసి, విడివడిన పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. కరెంటు లేని ఇళ్ళ కాగితాలు బడికి తెస్తే, ఎవరివి ఎవరివో పేర్లు రాసి మన లైబ్రరీ బల్లల మీద ఆరబెడతాం. పాడైన సామాను బయట పడేసే ముందు ఫోటో తీసి ఇంటివాళ్ళకు పంపండి. నష్టం రాసుకునే సిబ్బంది వచ్చినప్పుడు చూపించుకుంటారు.

పిల్లలను బురదలోకి పంపేది లేదు, ఇందులో మాత్రం నన్ను బతిమాలొద్దు. తొమ్మిది, పది తరగతుల వాళ్ళు బడిలోనే ఉండి సామాను లెక్క రాస్తారు, మంచినీళ్ళ సీసాలు నింపుతారు, పోయిన కార్డుల కోసం అర్జీలు రాసిపెడతారు. రాయడం రాని పెద్దవాళ్ళకు అది ఎంత అక్కరో మీకు తెలుసు.

ఈ శనివారం సాయంత్రం 4 గంటలకు బడి ఆవరణలో కలుద్దాం. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, తాపీ మేస్త్రీలు, నర్సులు, ఆటో ఉన్నవాళ్ళు తప్పకుండా రండి. వంట చేయగల అమ్మలూ నాన్నలూ కూడా పేరివ్వండి. లేఖతో వచ్చిన చీటీలో మీరు చేయగల పని, రాగల వేళలు రాసి శుక్రవారంలోగా పిల్లల చేత పంపండి. రావడానికి వీలుకానివాళ్ళు ఇంట్లో ఉన్న పారో తట్టో పేరు రాసి పంపినా చాలు. పనయ్యాక కడిగి మీ ఇంటికే చేరుస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు